చేవ యెరిగిన చేయి

“చేవ గలవాడు”, “చేవ చచ్చినవాడు” అని తెలుగువారు మనుష్యులను గూర్చి నిత్యము చెప్పుకొందురు. ఆ మాటకు మూలము మ్రానునందున్నది. చెట్టు మొదలును అడ్డముగా కోసినప్పుడు నడుమ ముదురు రంగున గట్టిపడి కనిపించునది చేవ. దాని చుట్టును బెరడు వరకు లేత రంగున నుండునది తెల్లచెక్క. కొయ్య చేవదేరినదో లేదో తట్టిచూచి, గోటితో నొక్కిచూచి చెప్పగల పెద్దలు పూర్వము గ్రామములలో ఉండెడివారు. నేడు మాట మిగిలినది. పరీక్ష మరుగున పడుచున్నది. పాత యిల్లు బాగుచేయించుకొను గృహస్థు మొట్టమొదట నష్టపోవునది ఇక్కడనే.

ఇందుకు సర్వసామాన్యమైన దృష్టాంతము తాతలనాటి యింటి వీధిగుమ్మము. గడపను కడిగి పసుపు పూయుదురు. వాకిట చల్లిన నీరును, వానజల్లును దాని మొదటనే నిలుచును. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్ళకు మించి చిరకాలము నిలిచినచో కుళ్ళు పట్టును. తడినేలనుండి చెదలు ఎక్కును. కొన్నియేండ్లకు ద్వారబంధము అడుగున జానెడు మేర పొడియై రాలును. ఇంటివారు అది చూచి మొత్తము ద్వారబంధమునే పెరికించి, అంగడిలో సిద్ధముగా దొరకుదానిని నిలుపనెంతురు. తాతనాటి చేవ వంటచెరకగును. దాని స్థానమున తెల్లచెక్క వచ్చి నిలుచును.

పనితనమెరిగిన వడ్రంగి అట్లు చేయడు. అతడు దబ్బనము తీసికొని క్రిందినుండి పైకి గ్రుచ్చుచు పోవును. అది సులభముగా దిగినంత మేర కుళ్ళు. దిగక ఎదురొత్తినచోట చేవ. ఆ గట్టిచోటికి కొంత పైగా కమ్మిని ఏటవాలుగా కోసి, అదే జాతి కొయ్యముక్కను అదే వాలున అతికి, జిగురుతోను కొయ్యచీలలతోను బిగించును. కోత యేటవాలుగా నుండుటకు కారణము లేకపోలేదు. అడ్డముగా కోసిన కొసలకు జిగురు చక్కగా పట్టదు. ఏటవాలు కోతలో అతుకు వైశాల్యము పెరిగి నారకు నార ఆనును. వాలు బయటివైపునకు దిగునట్లుంచినచో వాననీరు అతుకులోనికి జారదు. అయితే నీరు నిలుచుటను ముందు మాన్పవలెను. ఆ పని చేయక అతికిన ముక్క, మందిచ్చి పథ్యము చెప్పని వైద్యమువంటిది.

ఇక ఏ పనికి ఏ మ్రాను తగునన్నది ఒక శాస్త్రము. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకు తేలికయైన తెల్లపొణికి, బొబ్బిలి వీణకు పనస ప్రసిద్ధములు. నాగళ్ళకును బండిచక్రములకును తుమ్మ. నీటిలో నానుచోట నేరేడు. ద్వారబంధములకు టేకు శ్రేష్ఠమనుటకు హేతువు దానిలోని సహజమైన నూనె. అది చెదలకు రుచింపదు, తేమకు టేకు అంతగా ఉబ్బదు. కాని ఈ గుణము చేవకే గాని తెల్లచెక్కకు లేదు. త్వరగా పెంచి కోసిన తోటల టేకులో తెల్లచెక్క పాలు హెచ్చు. టేకను పేరు చూచి కొన్నవాడు మోసపోవచ్చును. చెదపురుగు పేరు చూచి తినదు. టేకు కొనలేనివారు వేగిసను, నల్లమద్దిని ద్వారబంధములకు వాడుదురు. తాటిచెట్టు వీటికి విపరీతము. దాని గట్టిదనమంతయు బయటి అంచున నుండును. నడిమి భాగము మెత్తన. కావుననే తాటిదూలమును చీల్చువారు లోపలి మెత్తనిదానిని తీసివైతురు.

అడితిలో కొయ్య కొనువారు కొన్ని పరీక్షలు చేయవలెను. పలక అంచువెంట కన్నానించి చూచినచో వంకర తెలియును. తట్టినప్పుడు కంచువలె మ్రోగునది గట్టిది; బొంగురుగా పలుకునది లోన చెడినది. ఒకే కొలత గల పలకలలో ఒకటి మిక్కిలి బరువుగా నున్నచో అది పచ్చిదని అనుమానింపవలెను. రంగు పూసినదైనచో ఒకచోట చిత్రిక పట్టించి, లోని రంగు చూడవలెను. కొయ్య ఆరునప్పుడు నిడివి దాదాపు తగ్గదు. వలయముల వెంబడి తగ్గునది, నడిమినుండి బెరడువైపు తగ్గుదానికి ఇంచుమించు రెట్టింపు. పలకలు మెలితిరుగుటకు ఈ వ్యత్యాసమే ముఖ్యకారణము. అంగుళము మందమునకు ఒక యేడు నీడను ఆరవలెనన్నది వడ్రంగులు పాటించు స్థూలమైన లెక్క. ప్లైవుడ్ కొనువారు తడి తగులుచోట్లకు ఐ.ఎస్. 710 గుర్తు గలదానిని ఎన్నుకొనవలెను, ఐ.ఎస్. 303 గుర్తు సాధారణమైన పనులకు.

ధర ఘనపుటడుగులలో చెప్పుదురు. ఈ లెక్క బడిపిల్లలకు చక్కని అభ్యాసము. ఏడడుగుల నిలువు కమ్ములు రెండు, మూడున్నర అడుగుల అడ్డకమ్ములు రెండు కలిసి 21 అడుగులు. కమ్మి వెడల్పు 5, మందము 3 అంగుళములైనచో, 21ని 5చేతను 3చేతను గుణించి 144చే భాగింపగా సుమారు 2.19 ఘనపుటడుగులు వచ్చును. కోతలో పోవు తరుగు వేరు.

గృహస్థు తనంతట చేసికొనదగిన పనులును కలవు. మరమేకు పట్టు తప్పి బందు వ్రేలాడినచో, ఆ రంధ్రములో జిగురు పూసిన కొయ్యపుల్లను దిగగొట్టి, ఆరిన పిదప మరల బిగింపవచ్చును. వానకాలమున బిగిసిన తలుపును వెంటనే చిత్రిక పట్టరాదు. వేసవిలో అది ఆరి సందు విడుచును. ఉలిని సానరాతిపై నూరి పదునుగా నుంచవలెను. మొద్దు ఉలికి బలము హెచ్చుగా పెట్టవలసివచ్చును. అది జారి చేతిని కోయును. రెండు చేతులును మొనకు వెనుకనే యుండవలెను. ఇంటి బరువు మోయు దూలములను మాత్రము తెలిసినవారికే విడిచిపెట్టుట క్షేమము.

ఈ పనితోపాటు కాపాడవలసిన సంపద మరియొకటి కలదు. ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టము, కుసి, చీల: ఇవి పనిముట్లకును పనికిని పేర్లు మాత్రమే కావు, తెలుగు భాషకు ఆస్తి. వ్యాసమును “చిత్రిక పట్టుట” అని ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పునప్పుడు, చిత్రికను చూడని విద్యార్థికి ఆ మాట సగమే అందును. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశము వెలువరించుటలోని ఉద్దేశము ఇట్టిదే. పండితులు పల్లెలకు పోయి, పనిచేయువారి నోటినుండి మాటలు సేకరించిరి. కోశము మాటను దాచగలదు; దానిని బ్రదికించునది చేయి.

కావున పాత గుమ్మము బాగుపడు దినమున పిల్లలను దూరముగా పంపకుండుట మేలు. దబ్బనము ఎక్కడ దిగినది, ఎక్కడ ఆగినది వారిని చూడనీయవలెను. ఆగినచోట వ్రేలుంచి “ఇది చేవ” అని వడ్రంగి చెప్పిననాడు, ఆ బాలుడు నేర్చునది ఒక్క కొయ్యను గూర్చి మాత్రమే కాదు.