తాబేలుకు చలేస్తోంది!

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌... ఎటు చూసినా ఇరుకు అపార్ట్‌మెంట్లూ, హాస్టళ్లూ. కుక్కను పెంచుదామంటే చోటుండదు, ఇంటి ఓనరు ఒప్పుకోడు. ఇలాంటి గదుల్లోకి సులువుగా వచ్చేస్తుంది ఓ గాజుతొట్టె. అందులో కంటి వెనక ఎర్రచారతో బుల్లి తాబేలు. అరవదు, వాకింగ్‌కు తీసుకెళ్లమని అడగదు. అందుకే దానికి చలేస్తోందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు!

దాని పేరు రెడ్‌ ఇయర్డ్‌ స్లైడర్‌. సొంతూరు అమెరికాలోని మిసిసిపీ నదీలోయ. మనలా ఒంటిని తనంతట తాను వెచ్చగా ఉంచుకోలేదు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు తొట్టెలో నీళ్లు చల్లబడితే తిన్నది సరిగా అరగదు. రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. మేత ముట్టకపోతే 'నిద్రపోతోందిలే' అనుకుంటాం. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఓ పక్కకు ఒరిగి ఈదుతున్నా అది న్యుమోనియా కావచ్చు. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. తాబేళ్లను చూసే డాక్టరు ఎప్పుడుంటారో ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది.

ఒకే తొట్టె... రెండు వాతావరణాలు

* అక్వేరియం హీటరుతో నీటిని 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచాలి. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసేయాలి.

* ఓ పక్కన ఎండ కాచుకునే గట్టు, దానిపైన బల్బు. అక్కడ 30 నుంచి 33 డిగ్రీలు చాలు. రెండో పక్క చల్లగానే ఉండాలి. ఎక్కడుండాలో అదే చూసుకుంటుంది.

* వేడి నిలవాలని గాజుపలకతో పూర్తిగా మూసేయొద్దు. గట్టు తడారక డిప్ప కుళ్లే ప్రమాదముంది. జాలీ మూత మేలు.

* డిప్ప గట్టిపడాలంటే యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. అలాగని మే నెల ఎండలో తొట్టెను బాల్కనీలో పెడితే నీళ్లు కాగిపోతాయి.

* కరెంటు పోతే తొట్టె చుట్టూ దుప్పటి కప్పండి. వేణ్నీళ్లు మాత్రం ఒక్కసారిగా పోయొద్దు.

నక్షత్ర తాబేలును పెంచాలన్న ఆలోచనే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. స్లైడర్‌ పెద్దదైందనో, విసుగొచ్చిందనో ఇందిరాపార్కు చెరువులో వదలడమూ తప్పే. మన తాబేళ్ల తిండికీ చోటుకీ అది పోటీ అవుతుంది. ఇరవై ఏళ్లకు పైగా బతికే ప్రాణి అది. అంతకాలం చూసుకోగలమా అన్నది కొనేముందే ఆలోచించాలి.

చలేస్తే మనం స్వెట్టరు వేసుకుంటాం. దానికి మాత్రం మనం పెట్టే థర్మామీటరే దిక్కు!