మూత్రపిండపు రాచపుండు - నీరటి వంటి తునుకలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలో మూత్రము ఎఱ్ఱబడినచో “వేడి చేసినది” అని సబ్జాగింజలు త్రాగి యూరకుండువారిని మేము చూచుచున్నాము. నొప్పి లేదుగదా యని వారి ధైర్యము! మూత్రపిండపు రాచపుండును మొదట నిట్లే నొప్పిలేని రక్తముగా కనబడవచ్చును.

మట్టిలో, కుళ్లిన యాకులలో బ్రతికెడి మిల్లీమీటరు పొడవు నులిపురుగునందు 22 అక్షరముల మైక్రో ఆర్.ఎన్.ఏ. యను తునుకను 1993లో ఆంబ్రోస్, రవ్‌కున్ పండితులు ప్రకటించిరి. 2024లో నోబెల్ బహుమానము నందిరి. సాగరు ఎడమకాలువ తూముకడ నీరటివలె, ఇట్టి తునుకలు జీను పంపిన యుత్తరువు నడ్డగించి పనిని అదుపుచేయును. ఈ పుండునందు తరచుగా వి.హెచ్.ఎల్. అను జీను చెడును. గాలి యున్నను కణము ఊపిరాడనట్లు నడచుకొనును. 210వ నంబరు తునుక హెచ్చును, 200వ కుటుంబపు తునుకలు తగ్గును. అప్పుడు కణములు గట్టుదాటును.

ఈ తునుకలను కొలిచెడి పరీక్ష యింకను వాడుకకు రాలేదు. చుట్ట బీడీలవారికి అపాయము హెచ్చు. ఎఱ్ఱదనము ఒక్కమారు కనబడి మానినను వైద్యునికి చూపి, స్కానింగు అవసరమేమో యడుగుడు.