హారంలో ఒకటి తీసేస్తే

కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపెక్కుతుంది. ఏ వేడి దగ్గర ఏ తరంగదైర్ఘ్యపు కిరణాలు ఎంత వెలువడతాయో చెప్పడానికి 1896లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వీన్ ఒక సూత్రం ఇచ్చాడు. పొట్టి తరంగాలకు అది చక్కగా సరిపోయింది. పొడవైన పరారుణ తరంగాల దగ్గరే లెక్క తప్పింది.

1900 అక్టోబరు 7న, బెర్లిన్‌లో ఆ పొడవైన తరంగాల కొలతలు తీస్తున్న హైన్రిష్ రూబెన్స్, భౌతికశాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ ఇంటికొచ్చి కొత్త ఫలితాలు చెప్పాడు. ప్లాంక్ ఆ సాయంత్రమే సూత్రాన్ని సవరించాడంటారు. చివరికి తేలిన మార్పు చూస్తే నవ్వొస్తుంది: వీన్ సూత్రపు హారంలోని ఘాతాంక పదం నుంచి ఒకటి తీసేయడం, అంతే!

పొట్టి తరంగాలకు ఆ పదం ఏ 22,026గానో ఉంటుంది. అందులోంచి ఒకటి పోతే ఎవరికి పట్టింది? పొడవైన తరంగాలకు మాత్రం అది 1.01 దాకా దిగివస్తుంది. ఒకటి తీసేస్తే మిగిలేది 0.01. హారం అంత చిన్నదైతే జవాబు దాదాపు నూరు రెట్లు పెరుగుతుంది. పాత సూత్రం నెగ్గిన చోట చెక్కుచెదరకుండా, ఓడిన చోటే బాగుపడింది.

అక్టోబరు 19న ప్లాంక్ దీన్ని జర్మన్ ఫిజికల్ సొసైటీ ముందుంచాడు. రాత్రికి రాత్రే రూబెన్స్ తన కొలతలతో పోల్చి, సరిపోయిందని మర్నాడు చెప్పాడు.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. ఆ ఒకటి ఎందుకు తీసేయాలి? శక్తి ధారగా కాక విడివిడి ముక్కలుగా ఉంటుందని అనుకుంటే తప్ప ప్లాంక్‌కు కారణం దొరకలేదు. ఆ వివరణను డిసెంబరు 14న అదే సొసైటీలో చదివాడు. క్వాంటం సిద్ధాంతం పుట్టినరోజుగా చాలామంది లెక్కపెట్టేది ఆ తేదీనే.