నీళ్లతో వచ్చిన రోగం, నీళ్లతోనే వైద్యం

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కాళ్లు బిగుసుకుపోతాయి, నడక తడబడుతుంది. దాని కారణం కోసం తరాలుగా వెతుకుతుంటే, 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాలు ఎప్‌స్టీన్-బార్ వైరస్ వైపు గట్టిగా వేలు చూపాయి. నల్లగొండ పల్లెల్లో కాళ్లు పడిపోయినవాళ్లకు మాత్రం కారణం వాడకట్టులోని బోరింగులోనే దొరికింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరం మీది పొరను శరీరమే తినేస్తుంది. నల్లగొండ రోగంలో నీళ్లలోని ఫ్లోరైడ్ చేరి ఎముక మందమవుతుంది, వెన్నులో దారి ఇరుకై వెన్నుపాము నలిగిపోతుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ రోగుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆపరేషన్‌తో ఒత్తిడి తగ్గించవచ్చు, కానీ గట్టిపడ్డ ఆ ఎముకను తొలచడమే పెద్ద పని.

మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్య పత్రికకెక్కింది. నల్లగొండ రోగుల గురించి 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌ల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ ఊటనీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు.

కెన్యా, టాంజానియాల్లోనూ నల్లగొండ పేరు తెలుసు! నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970ల్లో తయారుచేసిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి పేరే ‘నల్లగొండ టెక్నిక్’. బకెట్ నీళ్లలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు గబగబా, తర్వాత మెల్లగా కలపాలి. తెల్లటి తునకలు కట్టి అడుక్కి దిగుతాయి. గంటాగి పైనీళ్లు వంచుకోవాలి. పటిక మోతాదు ఏ నీటికానీటికి వేరు. అడుగు మడ్డిని పారబోయడం మరో తలనొప్పి. రోజూ ఇంటింటా ఈ పని చేయించడం ఆడవాళ్ల నెత్తిన భారం పెట్టడమే. ఊరికి మంచినీళ్లు తేవడం సర్కారు బాధ్యత.

ఆ మాటే మంచినీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో చెప్పింది. నిరసనగా నల్లగొండలో ఏకంగా 480 మంది పోటీలో నిలవడంతో బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. చివరికి ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వెలిసింది.

చింతపండు సంగతి విన్నారా? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యాహ్న భోజనంలో రోజూ 10 గ్రాముల చింతపండు తిన్న హాస్టల్ పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. అలాగని చారు తాగితే జబ్బు నయమవుతుందని కాదు. వంగిన వెన్నును తిరిగి నిలబెట్టే మందు ఇంకా లేదు. పళ్ల మీద గారలు పడేది మాత్రం పన్ను చిగురులో తయారయ్యే వయసులోనే. అందుకే ఊరి నీళ్లు నిజంగా మారాయో లేదో తెలియాలంటే, బడిపిల్లల్లో కొత్తగా వచ్చిన పళ్లు చూడాలి.