విడిభాగము మార్చితే చాలు

నాగలి కర్రు అరిగితే క్రొత్త కర్రు వేయించుకుంటాము గాని నాగలిని పారవేయము. నులక తెగితే మంచమును మరల అల్లుకుంటాము. మరి పిల్లల చదువు కొరకు అప్పుచేసి కొన్న లాప్‌టాప్ మాటేమిటి?

నేటి లాప్‌టాప్‌లలో అనేకము సులువుగా బాగుచేయుటకు వీలుగా ఉండవు. ర్యామ్ అను జ్ఞాపక చిప్పులను బోర్డుకే టంకము వేస్తారు. బ్యాటరీని జిగురుతో అంటిస్తారు. అందువలన యంత్రము పలుచగా, తేలికగా ఉండవచ్చును. కాని ఆ చిప్పు ఒక్కటి చెడితే బోర్డంతా మార్చవలసి వస్తుంది. ఖర్చు విని చాలామంది క్రొత్తదే కొంటారు. ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైనది. అందులో సరియైన రీతిలో సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతుకన్న తక్కువే.

వేరొక మార్గమున్నదని అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ చూపించింది. దాని స్థాపకుడు నీరవ్ పటేల్. 2021లో వీరు తెచ్చిన మొదటి లాప్‌టాప్‌తోపాటు పెట్టెలోనే ఒక స్క్రూడ్రైవరు కూడ ఇచ్చారు. బ్యాటరీ, ర్యామ్, కీబోర్డు, తెర అన్నియు ఊడదీసి మార్చుకోవచ్చును. భాగములపై ఉన్న క్యూఆర్ గుర్తును ఫోనుతో చూస్తే, దానిని మార్చే పద్ధతి తెలుస్తుంది. తీగలు తగిలించే రంధ్రములు సైతము చిన్న బిళ్లలుగా నాలుగు ఉంటాయి. ఏది అవసరమో అది పెట్టుకోవచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైనది ప్రధాన బోర్డు. ప్రాసెసర్ దానికే అతికి ఉంటుంది గనుక దానిని మాత్రము విడిగా మార్చలేము. అయితే 2023లో వచ్చిన ఏఎండీ బోర్డు సహితము 2021 నాటి పెట్టెలో అమరుతుంది. దానికి తగిన క్రొత్త ర్యామ్ కూడ కొనవలెను. తీసివేసిన పాత బోర్డును తెరకు, కీబోర్డుకు కలిపి ఇంట్లో మరొక కంప్యూటరుగా వాడుకోవచ్చును. ఇట్టి యంత్రము మొదటి ధరలో చవక కాదు. దాని లాభము ఏండ్లు గడిచిన కొలది కనబడుతుంది.

అందరమూ ఆ సంస్థ లాప్‌టాప్‌నే కొనవలెనని మేము చెప్పుట లేదు. ఏ దుకాణములోనైనను డబ్బు చెల్లించకముందు మూడు ప్రశ్నలు అడుగుదము. ర్యామ్ తరువాత పెంచుకోవచ్చునా? బ్యాటరీ స్క్రూలతో ఉన్నదా, జిగురుతోనా? విడిభాగములు ఎన్ని సంవత్సరములు దొరుకుతాయి? మన కేంద్ర ప్రభుత్వము కూడ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు వెబ్‌సైటును ప్రారంభించింది. కంపెనీలు ఇచ్చే మరమ్మతు వివరములను ఒక్కచోట ఉంచుట దాని ఉద్దేశము.

కష్టార్జితముతో కొనే వస్తువు ఇది. పెద్దబిడ్డ చదువు ముగిసిన తరువాత చిన్నబిడ్డ చేతికి కూడ పనికివచ్చేదానిని చూచి కొందము.