మీకు తెలుసా? గుడుపల్లె పట్టాలు బల్ల మీదికి ఎక్కితే...

చెన్నై–బెంగళూరు రైళ్లు గుడుపల్లె మీదుగానే వెళ్తాయి. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంట్ దాకా ఈ మార్గం 1864లోనే మొదలైంది. దీన్ని ‘హెచ్‌ఓ’ కొలతలో, అంటే 87వ వంతుకు కుదించి, నమూనా కట్టాలంటే మొదటి చిక్కు పట్టాల దగ్గరే. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల గేజికి సరి. మన బ్రాడ్‌గేజ్ 1,676. లెక్క ప్రకారం దానికి 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఎడం ఉండాలి. పట్టింపు మరీ ఎక్కువైతే తప్ప, సర్దుకుపోవడమే మేలు.

అసలు తంటా పొడవుతో. కిలోమీటరు దారికి పదకొండున్నర మీటర్ల బల్ల కావాలి! ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలు 24 ఉన్న రైలు, ఇంజనుతో కలిపి, ఈ కొలతలో కూడా ఆరున్నర మీటర్లు దాటుతుంది. అందుకే ఐదారు పెట్టెలతో సరిపెడతారు.

మట్టి మాత్రం ఊరిదే వాడొచ్చు. ఎర్రమట్టిని ఎండబెట్టి, పలుచటి గుడ్డలో జల్లించి, పైన అయస్కాంతం తిప్పి ఇనుప రజను ఏరేయాలి. లేదంటే మోటారులోని అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది, ఇంజను మొరాయిస్తుంది. మట్టి పరిచాక, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క సబ్బునీరు వేసి పోస్తే జిగురు అడుగుదాకా ఇంకుతుంది.

అసలు రైలుకు పైతీగలో 25,000 వోల్టులు. నమూనాకు 12 వోల్టుల డీసీ చాలు, అదీ పట్టాల్లోంచే. రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే రైలు వెనక్కి నడుస్తుంది.