శజరాలో ఖాళీని ఖాళీగానే ఉంచుదాం

చంపాపేట్, సైదాబాద్, సంతోష్‌నగర్ ప్రాంతాలలో పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి చదువు, ఉద్యోగం తర్వాత వినవచ్చే ప్రశ్న ఒకటుంది: "ఖాందాన్ ఏమిటి?" సయ్యదులా, షేఖులా, పఠాన్లా అని ఆరా తీస్తారు. అప్పుడు ఇంటి పెద్దలు శజరా (వంశవృక్షం) వెతుకుతారు. తాత పేరు, ముత్తాత పేరు దొరుకుతాయి. ఆపైన కాగితం చెదల పాలై ఉంటుంది, లేదా అసలు కాగితమే ఉండదు. ఆ ఖాళీని ఏం చేయాలి?

ముందు వెతకాలి. నికాహ్ సియాహనామాలో వధూవరుల పేర్లతో పాటు వారి తండ్రుల పేర్లూ ఉంటాయి. ఇనాం భూములున్న కుటుంబాలకు 1952 నాటి అతియాత్ విచారణల చట్టం కింద వారసుల పేర్లతో ముంతఖబ్‌లు ఇచ్చారు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబ్ కాలపు ఫార్సీ పత్రాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో 'అర్జ్-ఓ-చెహ్రా' అనేవి సిపాయి పేరు, తండ్రి పేరు, ముఖం ఆనవాళ్ళు, చివరికి గుర్రం ఆనవాళ్ళు కూడా చెబుతాయి.

సంవత్సరం విషయంలో జాగ్రత్త అవసరం. నిజాం కాలపు కాగితాలలో హిజ్రీ, ఫస్లీ రెండూ కనిపిస్తాయి. 1320 హిజ్రీ అంటే 1902-03. అదే 1320 ఫస్లీ అయితే 590 కలపాలి, 1910-11 అవుతుంది. ఈ ఎనిమిదేళ్ళ తేడాతో తమ్ముడు అన్న అయిపోగలడు.

అయితే కాగితం అందరినీ గుర్తుంచుకోదు. సంతోష్‌నగర్ చేరువలోని పైగా సమాధులనే చూడండి. హజ్రత్ ఉమర్ (ర) వంశీకులమని చెప్పుకొన్న ఆ నవాబుల పేర్లు చరిత్రలో నిలిచాయి. వారి గుర్రాలకు నీళ్ళు పెట్టినవాని పేరు ఎక్కడుంది? జాగీరు ఉన్నవాడికి సనదు ఉంది. నేత నేసినవాడికి, నీళ్ళు మోసినవాడికి ఏముంది? దాదీ, నానీల పేర్లయితే చాలా శజరాలలో అసలే కనిపించవు. కాగితం లేనంత మాత్రాన ఆ మనుషులు తక్కువవారా?

ఇక్కడే ఒక ప్రమాదముంది. ఖాళీ కనబడగానే కొందరు ఎవరో ఒక వలీ పేరు తెచ్చి అతికిస్తారు. తాత షేఖ్ అయితే మనుమడు సయ్యద్ అవుతాడు. ఇది చిన్న విషయం కాదు. తెలిసి తెలిసి తన తండ్రి కానివానిని తండ్రిగా చెప్పుకొనేవానికి స్వర్గం నిషిద్ధమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అబద్ధపు శజరా చూపి కుదిర్చిన సంబంధంలో మొదటి రోజే మోసం చేరుతుంది.

మరి తండ్రి తాతల పేర్లు తెలియనివారి గౌరవం మాటేమిటి? దివ్య ఖుర్ఆన్ అహ్జాబ్ సూరా 5వ ఆయత్‌లో దీనికి సమాధానముంది. మనుషులను వారి తండ్రుల పేర్లతోనే పిలవాలని, తండ్రులు ఎవరో తెలియకపోతే వారు మన ధార్మిక సోదరులని అల్లాహ్ సెలవిచ్చాడు. హజ్రత్ సాలిమ్ (ర) విముక్తి పొందిన బానిస. అబూ హుజైఫా (ర) ఆయనను కొడుకుగా చేర్చుకొన్నారు. ఈ ఆజ్ఞ తర్వాత ఆయన 'అబూ హుజైఫా మౌలా'గానే పిలువబడ్డారు. ఖుర్ఆన్‌ను నలుగురి వద్ద నేర్చుకోండని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు, ఆ నలుగురిలో సాలిమ్ ఒకరు. ఏ ఖాందాన్ అని ఎవరూ అడగలేదు.

కనుక సోదర సోదరీమణులారా! శజరా రాయండి, మానవద్దు. కాగితంలో చూసినదాన్ని ఒక రంగు సిరాతో, పెద్దల నోట విన్నదాన్ని మరో రంగుతో రాయండి. తెలియని చోట 'తెలియదు' అని రాయండి. తల్లుల పేర్లూ చేర్చండి. పెద్దలు ఉండగానే అడిగి రాసుకోండి. బంధుత్వాలు నిలుపుకొనేందుకు వంశాన్ని తెలుసుకోండని దైవప్రవక్త (స) బోధించారు, గొప్పలు చెప్పుకొనేందుకు కాదు. శజరా చూసి, పలకరింపులు తెగిపోయిన ఒక్క ఫూఫీ ఇంటికైనా మనం వెళ్ళగలిగితే అది రాసిన ఫలితం దక్కినట్లే.

మన నోట, మన రాతలో సత్యాన్నే నిలుపమని, తెగిన బంధాలను కలపమని అల్లాహ్‌ను వేడుకొందాం. ఆమీన్.